బోనాల దారిలో తెల్ల బండి

శుక్రవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, కామారెడ్డి బస్టాండులో, ఎల్లారెడ్డి బస్సులు ఆగే ప్లాట్‌ఫాం మీద రామస్వామిని చంపేశారు. చుట్టూ రెండు వందల మంది ఉన్నారు. చంపడం ఎవరూ చూడలేదు.

ఆయన విత్తనాల సంచి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన పేపర్ చదువుతున్న ఆమె వైపు తిరగకుండానే అడిగాడు.

"నార్లు పోసిన్రా బిడ్డా?"

"నీళ్ల కోసం చూస్తున్నం."

కోడ్ సరిపోయింది. ఆమె పేరు అనిల. వయసు ముప్పై నాలుగు. పేరు బయట ఎక్కడా కనిపించని ఒక కేంద్ర విభాగంలో ఫీల్డ్ ఏజెంట్. పొలం పనులు, విత్తనాల బేరాల మధ్య ఈ జిల్లాలో రామస్వామికి అందని కబురు ఉండదు. ఆరేళ్లుగా ఆయన ఆమెకు ఇన్‌ఫార్మర్.

"ఎల్లారెడ్డిల ఆదివారం బోనాలు గదా," అన్నాడాయన. అంతలో బస్సు కోసం పరుగెత్తుతున్న ఒకడు ఆయనకు తగిలాడు. "సారీ పెద్దాయనా," అని ముందుకు పోయాడు.

రామస్వామి మెడ తడుముకున్నాడు. తర్వాత మాట తడబడింది.

"ఆదివారం... తెల్ల బండి... ఎక్కనియ్యకు."

తల అనిల భుజం మీదికి వాలింది. ఆమె నాడి పట్టుకుంది. లేదు. మెడ మీద ఆవగింజంత ఎర్రటి చుక్క. సూది. ఆమె తల ఎత్తి చూసింది. లేత నీలం చొక్కా. ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉంది. అంతే కనిపించింది. వాడు నిజామాబాద్ బస్సు వెనక మాయమయ్యాడు.

"ఎవరన్నా నీళ్లు తెండ్రి, పెద్దమనిషికి చక్కరొచ్చింది," అని కేక వేసి, జనం మూగుతుండగా అనిల అక్కడినుంచి తప్పుకుంది. ట్రైనింగ్‌లో నేర్పింది అదే. ఆరేళ్లు తనను బిడ్డా అని పిలిచిన మనిషిని బెంచీ మీద వదిలి వెళ్లడం ఎలాగో మాత్రం ఎవరూ నేర్పలేదు.

పన్నెండున్నరకు ఆమె రైల్వే గేటు దగ్గర, ఖాళీగా ఉన్న ఒక గోదాం మేడ మీద ఉంది. ఎదురుగా శేఖర్. ఆమె పైఅధికారి. పన్నెండేళ్ల క్రితం ఆమెను ఈ విభాగంలోకి తెచ్చింది ఆయనే.

"టార్గెట్ ఇతను," అంటూ శేఖర్ ట్యాబ్ తిప్పాడు. "భీమేష్. హైదరాబాద్‌లో రక్షణ పరిశోధన శాస్త్రవేత్త. క్షిపణికి దారి చూపించే కోడ్ రాసింది ఇతనే. సొంతూరు ఎల్లారెడ్డి. ఎల్లమ్మకు మొక్కుందని పండుగకు వచ్చాడు. ఒక విదేశీ ముఠా ఇతన్ని ఎత్తుకుపోవాలని చూస్తోంది."

"ఎవరి చేత?"

ఫోటో మారింది. నల్ల కళ్లద్దాలు, మెరూన్ చీర, ఎర్ర స్కూటర్. ఒకసారి చూస్తే మళ్లీ చూడాలనిపించే ముఖం.

"పద్మప్రియ. జుక్కల్ వైపు మనిషి. తెలుగు, మరాఠీ, కన్నడ మూడూ వచ్చు. కామారెడ్డిలో గల్ఫ్ వీసాల ఆఫీసు నడుపుతోంది. అది కవర్. రామస్వామిని చంపించింది ఆమే. చనిపోయే ముందు ఆయన ఏమన్నా చెప్పాడా?"

అనిల చెప్పింది. తెల్ల బండి. శేఖర్ ఒక క్షణం కిటికీలోంచి పట్టాల వైపు చూశాడు.

"అయితే బండిలో ఎత్తుకుపోతారన్నమాట. మనం ముందే ఉందాం. నేనొక అంబులెన్స్ సిద్ధం చేశాను. ఆదివారం ఏ కాస్త తేడా కనిపించినా భీమేష్‌ను అందులో ఎక్కించు. మిగతాది నేను చూసుకుంటాను. జాగ్రత్త బిడ్డా. పద్మప్రియ ఏం చెప్పినా నమ్మకు."

శనివారం ఉదయం పద్మప్రియ స్కూటర్ వదిలి ఎల్లారెడ్డి బస్సెక్కింది. అనిల రెండు సీట్లు వెనక కూర్చుంది. తల మీద కొంగు, ఒళ్లో బీడీ ఆకుల కట్ట. ఎవరు చూసినా బీడీలు చేసే మనిషే అనుకుంటారు.

లింగంపేట దాటాక పద్మప్రియ లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"నార్లు పోసిన్రా అక్కా?"

ఆ కోడ్ రామస్వామికీ అనిలకూ తప్ప మూడో మనిషికి తెలియదు. చెయ్యి ఆకుల కట్ట కింద ఉన్న పిస్టల్ మీదికి పోయింది.

"తీయకు," అంది పద్మప్రియ కిటికీ వైపు చూస్తూ. "నిన్ను సంపాల్నంటే కామారెడ్డిలనే అయిపోతుంటివి. గీ మాట నాకు రామస్వామి బాపే చెప్పిండు. నేను ముఠాల మనిషినే. కాని ఢిల్లీ పంపితే పోయిన. మన విభాగంల ఎవరో అమ్ముడువోయిన్రు. ఆ ఎవరో పట్టుకునుడే నా పని. రామస్వామి బాపు నీకు కబురు చెప్పేందుకు వస్తున్నడని ముఠాకు ముందుగాలనే తెలిసింది. ఆ ముచ్చట నువ్వు ఎవరికి చెప్పినవ్?"

అనిల ఆ సంగతి చెప్పింది ఒక్కరికే.

"నమ్ముమంటలేను," అంది పద్మప్రియ. "పరీక్ష జెయ్. ఆయనొక్కనికే తెలిసేటట్టు ఒక అబద్ధం చెప్పు. ఎవరొస్తరో కండ్లతోని చూడు."

సొంతూరైన ఎల్లారెడ్డిలో దిగాక అనిల అరగంట సేపు ఊరికే నడిచింది. తర్వాత సీక్రెట్ ఫోన్ తీసి శేఖర్‌కు మెసేజ్ పెట్టింది. 'భీమేష్‌ను లాడ్జికి మార్చాను. రూమ్ నంబర్ ఏడు. ఎవరికీ తెలియదు.'

లాడ్జి ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని కూర్చుంది. ఎవరూ రాకూడదని కోరుకుంది. పన్నెండేళ్లు. తల్లికి ఆపరేషన్ అయినప్పుడు హాస్పిటల్ వరండాలో తనతోపాటు కూర్చున్న మనిషి ఆయన.

ముప్పై ఐదు నిమిషాలకు ఒక బైక్ ఆగింది. ఇద్దరు దిగి మెట్లెక్కారు. వెనకవాడి ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉంది.

చాయ్ మీద మీగడ కట్టింది. అనిల దాన్ని తాగలేదు.

మధ్యాహ్నానికి పద్మప్రియ ఢిల్లీతో మాట్లాడి వచ్చింది.

"లాడ్జికి ఇద్దరు వచ్చిన్రంటే సాక్ష్యం గాదంట. ఇరవై ఏండ్ల సర్వీసు ఆఫీసరాయన. ఆయన గొంతుతోనే వినాలంటున్నరు. ఇక్కడి ఆఫీసుల ఎవరు ఆయన మనుషులో తెల్వదు, అందుకని ఢిల్లీ నుంచే టీమ్ వస్తది. వచ్చేసరికి రేపు సాయంత్రం అయితది."

"అప్పటికి భీమేష్ ఉండడు."

"అంబులెన్సుల నర్సు వేషం నాదే. నా స్టెతస్కోప్‌ల ట్రాన్స్‌మిటర్ ఉంది. లోపల ఏం మాట్లాడినా ఢిల్లీకి పోతది. కాని నేనొక్కదాన్నే ఆపలేను. నువ్వు గూడ ఎక్కాలె."

శేఖర్ ద్రోహి అని తేలింది. దానివల్ల పద్మప్రియ మంచిదని తేలలేదు. శాస్త్రవేత్తతో పాటు ఒక ఏజెంట్ శవం కూడా దొరికితే ముఠా కాదనదు. అనిల "చూస్త" అని మాత్రం అంది.

నేరుగా వెళ్లి భీమేష్‌కే చెప్పాలనుకుంది. అతని ఇంటి గేటు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లు నిలబడి ఉన్నారు. గోడ చాటు నుంచే ఒకరి చేతిలోని ఫోన్లో తన ఫోటో గుర్తుపట్టింది. రెండోవాడు కింద ఉన్నది పైకి చదువుతున్నాడు. 'నకిలీ అధికారిణి. ఆయుధం ఉంది. కనిపిస్తే అదుపులోకి తీసుకోండి.' లాడ్జి అబద్ధం తనను పరీక్షించడానికేనని శేఖర్‌కు అర్థమైపోయింది. ఆయన ఒక్క ఫోన్ కాల్‌తో ఆమెను ఉద్యోగం నుంచి, చట్టం నుంచి, సొంత ఊరి నుంచి బయటికి నెట్టేశాడు.

ఆమె సందుల్లోంచి తల్లి ఇంటికి చేరింది.

పోచవ్వ అరుగు మీద చాట ముందేసుకుని బీడీలు చుడుతోంది. కూతురి ముఖం చూసి కత్తెర పక్కన పెట్టింది.

"ఏమైందే?"

"అవ్వా, నమ్మినోల్లే మోసం చేసిన్రు. ఎవల దగ్గరికి పోవాల్నో సమజైతలేదు. భయమైతుంది."

చిన్నప్పటి నుంచి ఆ మాట అనిల నోట పోచవ్వ విన్నది లేదు. ఆమె ఏం మోసమని అడగలేదు. ఎవరని అడగలేదు. చాట జరిపి కూతురికి జాగా ఇచ్చింది.

"మీ బాపును దుబాయిల జైల్ల ఏసిన్రు, యాదికుందా? నీకు తొమ్మిదేండ్లు. ఇరికిచ్చింది ఎవలు? మనింట్ల అన్నం తిన్న దోస్తే. నాకు చదువు రాదు, దుబాయి యాడుందో తెల్వదు. పోయి ఎల్లమ్మ ముంగట కూసున్న. పొద్దంత కూసున్న."

"ఎల్లమ్మ జైలు తలుపు తెరిచిందా?"

"తెరవలే. గట్లని నేను చెప్తలేను. అబద్ధమెందుకు?" పోచవ్వ ఒక ఆకు తీసి వేళ్ల మధ్య సాపు చేసింది. "కని నా కాళ్లు వణుకుడు ఆగినయ్. వణుకుడు ఆగినంక ఎవల ఇంటికి పోవాల్నో కనవడ్డది. రెండో గల్లిల ఖాజా సాబ్ కొడుకు అరబ్బుల కాయితం రాసిచ్చిండు. ఏడాదికి మీ బాపు వచ్చిండు. మనుషులు మోసం జేస్తరు బిడ్డా. అట్లని అందర్ని ఇడిసిపెడితే ఆ తల్లి నీకు సాయం పంపుతె ఎవల చేత పంపాలె?"

అనిల చాలాసేపు అక్కడే కూర్చుంది. తర్వాత ఇంటి వెనక ఉన్న చిన్న ఎల్లమ్మ గద్దె ముందు నిలబడింది. కోరికలు కోరలేదు. గుర్తు చూపించమని అడగలేదు. "తల్లీ, నాకు ఎవరూ లేరు. నీ చేతిల పెడుతున్న," అంది. అంతే. భయం పోలేదు. కానీ ఊపిరి ఆడుతోంది. ఆలోచన నడుస్తోంది.

సాయంత్రం ఎండ ఉండగానే పద్మప్రియకు కబురు పంపింది. 'ఎక్కుతున్న.'

ఆదివారం పన్నెండు గంటలకు బోనాలు కదిలాయి. డప్పుల మోత, వేపకొమ్మలు, సాంబ్రాణి పొగ. కానిస్టేబుళ్లు వీధి చివర నిలబడి ఫోన్లో ఫోటో చూసుకుంటూ ఆడవాళ్ల ముఖాలు చూస్తున్నారు. వంద మందికి పైగా ఆడవాళ్లు. అందరి ముఖాలకూ పసుపు, నుదుట రూపాయంత కుంకుమ, నెత్తిన బోనం. అనిల వాళ్ల ముందు నుంచే నడిచి వెళ్లింది. ఒక కానిస్టేబుల్ ఆమెకు దండం కూడా పెట్టాడు.

భీమేష్ పదడుగుల ముందు, భార్య సాయిలత పక్కన నడుస్తున్నాడు. పందిరి కింద ఎవరో భక్తులకు మజ్జిగ పంచుతున్నారు. అతను గ్లాసు అందుకున్నాడు. అనిల జనాన్ని తోసుకుంటూ వెళ్లేసరికి గ్లాసు ఖాళీ అయింది. గ్లాసు ఇచ్చిన చెయ్యి పందిరి వెనక్కి పోయింది.

నాలుగు నిమిషాలు. భీమేష్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. సాయిలత అతని పేరు పిలుస్తూ పక్కన కూర్చుండిపోయింది. ఎవరూ ఫోన్ చేయకముందే సైరన్ వినిపించింది.

డప్పులు ఆగిపోయాయి. తెల్ల అంబులెన్స్‌ను చూసి మంచి మనుషులు చేసే పనే అందరూ చేశారు. బోనాలతో సహా పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఎవరికీ చెప్పి ఆపలేని దృశ్యం అది. నోరు తెరిస్తే పోలీసులు పట్టుకునేది తననే.

డాక్టర్ కోటులో దిగినవాడి ఎడమ చెవి చీలి ఉంది. వెనక నర్సు డ్రెస్సులో పద్మప్రియ. ఇద్దరూ కలిసి భీమేష్‌ను స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. సాయిలత ఎక్కబోతే చీలిన చెవివాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్కరే ఎక్కాలి. ఎవరు మీరు?"

"ఆయన చెల్లెను, నేను ఎక్కుత," అని సాయిలత భుజం నొక్కి, బోనం ఆమె చేతిలో పెట్టి, అనిల లోపలికి దూరింది. సాయిలత అయోమయంగా చూస్తుండగానే తలుపు మూసుకుంది.

డ్రైవర్ పక్క సీట్లో ఒకాయన తల తిప్పకుండా కూర్చున్నాడు. వెనక నుంచి ఆ భుజాలు చూస్తే చాలు, అనిల గుర్తుపట్టింది. శేఖర్.

బండి ఊరు దాటింది.

"సార్, కామారెడ్డి దవాఖాన అటు," అన్నాడు డ్రైవర్. నలభై ఐదేళ్ల మనిషి. అద్దానికి నిమ్మకాయల దండ కట్టుకున్నాడు. బండి అతనిదే, రెండు గంటల కోసం మాట్లాడి తెచ్చారు.

"నిజాంసాగర్ మీదుగా పోనీ మైసన్నా. అటు పెద్ద డాక్టర్ ఉన్నాడు," అన్నాడు శేఖర్. ఆ దారి జుక్కల్ వైపు పోతుంది. దాని తర్వాత రాష్ట్రమే మారిపోతుంది.

శేఖర్ వెనక్కి తిరిగి పేషెంట్‌ను చూశాడు. తర్వాత పసుపు ముఖాన్ని చూశాడు. ఆ కళ్ల మీద అతని చూపు ఆగిపోయింది.

"అనిలా," అన్నాడు మెల్లగా. ఆశ్చర్యం కంటే విసుగే ఎక్కువ ఉంది ఆ గొంతులో. "ఇంట్లో ఉండకపోయావా బిడ్డా."

చీలిన చెవివాడి పిస్టల్ ఆమె పక్కటెముకలకు ఆనింది. ఆమె పిస్టల్ బయటికి తీసే సందు లేదు.

"ఒక్కటి అడుగుతాను సార్. రామస్వామిని ఎందుకు?"

"ఊరుకోమని కబురు పంపాను. ఊరుకోలేదు. చంపమనక ఏం చేయను?"

"భీమేష్‌ను ఎక్కడికి?"

"గంటన్నరలో సరిహద్దు. అవతల విమానం. ఆ తర్వాత నాకు సంబంధం లేదు."

"పన్నెండేళ్లు నేర్పారు నాకు. ఎందుకు సార్ ఇది?"

శేఖర్ ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. "ప్రమోషన్ లిస్టులో నా పేరు మూడుసార్లు రాలేదు. దేశం నన్ను మర్చిపోయింది. వాళ్లు గుర్తుపెట్టుకున్నారు." తర్వాత పద్మప్రియ వైపు చూశాడు. "ట్రేలో ఉన్న ఇంజెక్షన్ ఈమెకు ఇవ్వు. ఫుల్ డోస్."

పద్మప్రియ ట్రే లోంచి సిరంజి తీసింది. గాలి బుడగ పోయేలా పైకి పట్టి నొక్కింది. ఆమె ముఖంలో ఏమీ లేదు. బస్సులో కనిపించిన మనిషి కాదు, శేఖర్ ఫోటోలో చూపించిన మనిషి. సూది దగ్గరికి వస్తోంది. ఆమె చెయ్యి పట్టుకుని మెలితిప్పితే ఆపవచ్చు. పక్కన పిస్టల్ పేలినా సరే, ఒక్కదాన్నయినా ఆపవచ్చు. అనిల శరీరం అంతా ఆ పని చేయమనే చెబుతోంది.

తల్లీ, నీ చేతిల పెట్టిన. మళ్ల వాపసు తీసుకోను.

ఆమె కదల్లేదు. చెయ్యి చాపింది.

సూది ఆమె చర్మానికి అంగుళం దూరంలో మలుపు తిరిగింది. చీలిన చెవివాడి తొడలో పిడి దాకా దిగింది. వాడు అరవబోయి, అరుపు సగంలోనే స్ట్రెచర్ మీదికి ఒరిగాడు. వాడి పిస్టల్ నేల మీద జారి ఆక్సిజన్ సిలిండర్ కిందికి పోయింది.

శేఖర్ క్షణం కూడా ఆలస్యం చేయలేదు. ముందు సీటు వెనక కిటికీలోంచి అతని పిస్టల్ లోపలికి వచ్చింది. మూడడుగుల దూరం. అనిల పద్మప్రియను పక్కకు నెట్టి, భీమేష్‌కు అడ్డంగా పడింది. దాక్కునేందుకు ఏమీ లేదు.

"కళ్లు మూసుకో బిడ్డా," అన్నాడు శేఖర్.

బ్రేకు పడింది.

మామూలు బ్రేకు కాదు. ఎనభై మీద పోతున్న బండి గాడి తప్పి, టైర్లు అరుస్తూ, రోడ్డుకు అడ్డంగా తిరిగింది. గుండు పైకప్పులోంచి బయటికి పోయింది. వెనక్కి తిరిగి కూర్చున్న శేఖర్ వీపు, తర్వాత తల, డ్యాష్‌బోర్డుకు బలంగా కొట్టుకున్నాయి. పిస్టల్ అతని చేతిలోంచి జారి అనిల పక్కన పడింది.

బండి ఒక వరిమడి గట్టు మీద, ముందు చక్రం గాల్లో తిరుగుతూ ఆగింది. అనిల పిస్టల్‌ను శేఖర్ మెడకు ఆనించింది. పద్మప్రియ స్టెతస్కోప్ నోటి దగ్గర పెట్టుకుని, "విన్నరు గదా సార్లు? ఇగ రాండ్రి," అంది.

మైసన్న స్టీరింగ్ వదల్లేదు. అద్దంలో అనిల కళ్లకేసి చూశాడు.

"నాకు పేషెంట్ అని చెప్పిన్రమ్మా. ఎన్కకెల్లి మాటలన్నీ ఇనవడ్తున్నయ్. గీల్లు మామూలు మనుషులు గాదని సమజైంది. నాకు ఇద్దరు బిడ్డలు, నోరు మూసుకుందామనుకున్న." అద్దానికి కట్టిన నిమ్మకాయల దండ వైపు చూశాడు. "కని ఎల్లమ్మకు బోనమెత్తిన ఆడామెను నా బండ్ల సంపుతుంటే, రేపు గుడికి ఏ మొకం వెట్టుకొని పోవాలె?"

అనిలకు అప్పుడు కన్నీళ్లు వచ్చాయి. ఆమె వేసిన ప్లానుల్లో ఎక్కడా ఈ మనిషి లేడు. శేఖర్ ప్లానుల్లోనూ లేడు. రక్షించమని అడిగింది, నిజమే. ఎవరి చేత అన్నది ఆమె అడగలేదు, అడగాలని కూడా తోచలేదు.

"నీ పేరు మీద ఒక దీపం పెడ్త అన్నా," అంది.

"పెట్టమ్మా. ముందుగాల బండి గట్టు దిగేదాక అందరు కదలకుండ కూసోండ్రి."

ఢిల్లీ టీమ్ మాట ఇచ్చినట్టే సాయంత్రం వచ్చింది. శేఖర్‌ను తీసుకుపోతున్నప్పుడు అనిల ఆయన వైపు తిరగలేదు. ఆయనా తలెత్తలేదు. భీమేష్‌కు తలనొప్పి తప్ప ఏమీ మిగల్లేదు. సాయిలత అనిల చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. పద్మప్రియ ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. గల్ఫ్ వీసాల ఆఫీసు బోర్డు మర్నాటికి తీసేశారు.

పొద్దుగూకక ముందే అనిల ఇంటికి వచ్చింది. మోచేతులు గీరుకుపోయాయి, నుదుట బొప్పి, ముఖాన పసుపు చెమటకు చారలు కట్టింది. కూతురు హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ కంపెనీలో పని చేస్తుందని తప్ప పోచవ్వకు ఇంకేమీ తెలియదు. ఆమె కొబ్బరినూనె తెచ్చి దెబ్బల మీద రాసింది.

రాస్తూనే అడిగింది. "ఇన్సూరెన్స్ నౌకరిల గిన్ని దెబ్బలు తాకుతయా బిడ్డా?"

"తాకుతయవ్వా," అంది అనిల కళ్లు మూసుకుని. "అందుకే ఎవలన్నా పాలసీ తీసుకునేది."